ఆరేళ్ళ పాప నుంచి ‘ఒక్క ఏడాది ప్యాకేజీ’ దాకా: జపాన్ స్టూడెంట్స్ ఫారిన్ చదువుల 160 ఏళ్ళ కథ

 

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, జపాన్ వాళ్ళు అంత డెవలప్ అయ్యారు కదా, వాళ్ళు మనలాగా అమెరికా చదువులకి ఎందుకు ఎగబడరు?" అని. మంచి ప్రశ్న. కానీ అందులో ఒక చిన్న తిరకాసు ఉంది. వాళ్ళూ ఎగబడ్డారు. 1990ల్లో కొన్నేళ్ళపాటు అమెరికాకి అందరికంటే ఎక్కువ మంది స్టూడెంట్స్‌ని పంపిన దేశం జపానే. 1997-98లో ఆ సంఖ్య 47 వేలు దాటింది. తర్వాత 15 ఏళ్ళు తిరక్కుండానే 20 వేల లోపుకి పడిపోయింది.

ఈ ఎక్కడం, దిగడం మధ్యలో జపాన్ యూనివర్సిటీలు ఒక వింత వస్తువుని తయారు చేశాయి. డిగ్రీ మధ్యలో ఒకే ఒక్క ఏడాది, తమ స్టూడెంట్స్ కొలతలకి కుట్టించిన ఫారిన్ చదువు. టైలర్ దగ్గర కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టే అన్నమాట. ఎక్కడ ఉండాలి, ఏ సబ్జెక్టు చదవాలి, ఎన్ని క్రెడిట్లు, ఏ నెలలో వెళ్ళాలి, ఏ నెలలో తిరిగి రావాలి, అన్నీ ముందే ఫిక్స్. ఇవాళ్టి కథ దాని గురించే. ఫారిన్ వెళ్దాం అనుకుంటున్నవాళ్ళు చివరిదాకా చూడండి, ఎందుకంటే ఇందులో మీ డబ్బుకి, మీ ఇంటివాళ్ళ డబ్బుకి సంబంధించిన విషయం ఉంది.

ముందు బాగా వెనక్కి వెళ్దాం. 1863.

అప్పటికి జపాన్‌లో దేశం దాటి వెళ్ళడం నేరం. 1630ల నుంచి ఉన్న చట్టం, పట్టుబడితే మరణశిక్షే. అలాంటి టైంలో చోషూ అనే సంస్థానం నుంచి ఐదుగురు కుర్రాళ్ళు యొకొహామా రేవులో దొంగచాటుగా ఓడెక్కారు. వాళ్ళకి సాయం చేసింది జార్డిన్ మాథెసన్ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ. షాంఘై దాకా వెళ్ళాక ఇద్దరు ఒక ఓడలో, ముగ్గురు ఇంకో ఓడలో బయల్దేరారు. ఇక్కడో కథ చెప్తారు. ఎందుకు వెళ్తున్నారయ్యా అని అడిగితే, నేవీ గురించి నేర్చుకోడానికి అని చెప్పబోయి ‘నావిగేషన్’ అన్నారట. అంతే, కెప్టెన్ వాళ్ళని నావికుల పనిలో పెట్టేశాడు. డబ్బు కట్టి ఎక్కిన ప్యాసింజర్లు ఇంగ్లండ్ దాకా డెక్కులు కడుక్కుంటూ పోయారు.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్‌లో అలెగ్జాండర్ విలియమ్సన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ వాళ్ళని చేరదీశాడు. ఆ ఐదుగురిలో ఒకాయన ఇతో హిరోబుమి, తర్వాత జపాన్ మొట్టమొదటి ప్రధానమంత్రి. ఇంకొకాయన ఇనోఉఎ మసారు, జపాన్ రైల్వేలకి పితామహుడు అంటారు. యామావో యోజో అనే ఆయన గ్లాస్గో షిప్‌యార్డులో పగలంతా పని చేసి, సాయంత్రం క్లాసులకి వెళ్ళాడు. తిరిగొచ్చి జపాన్‌లో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించాడు. బీటెక్ చేసినవాడిగా నాకు ఈయనంటే ఓ ప్రత్యేకమైన ఇష్టం.

వినడానికి హీరోల కథలా ఉంది కదా? కానీ మనం ఎప్పుడూ గెలిచినవాళ్ళ పేర్లే చెప్పుకుంటాం. ఇంకో పేరు వినండి. కుసకబె తారో. ఫుకుయి నుంచి అమెరికా వెళ్ళి, న్యూజెర్సీలోని రట్గర్స్‌లో చదివాడు. లెక్కల్లో దిట్ట. 1870లో, ఇంకొన్ని వారాల్లో గ్రాడ్యుయేషన్ అనగా క్షయతో చనిపోయాడు. డిగ్రీ ఆయన పోయాక ఇచ్చారు. న్యూబ్రన్స్‌విక్ ఊళ్ళో విల్లో గ్రోవ్ అనే శ్మశానంలో ఆయన సమాధి ఉంది. పక్కనే ఇంకొందరు జపాన్ వాళ్ళ సమాధులూ ఉన్నాయి. లండన్ దగ్గర బ్రూక్‌వుడ్‌లో కూడా అలాంటివే ఉన్నాయి. చలి, చాలని తిండి, రాని భాష, చూసుకునే మనిషి లేకపోవడం. ఆ రోజుల్లో ఫారిన్ చదువు అంటే ఇవన్నీ కలిపే.

ఇప్పుడు 1871 డిసెంబర్ 23కి వద్దాం. ఇవకురా మిషన్ అని, కొత్త మెయిజి ప్రభుత్వంలోని పెద్దపెద్ద మంత్రులు కొందరు ప్రపంచం చూడ్డానికి ఓడెక్కారు. అదే ఓడలో ఐదుగురు ఆడపిల్లలు ఉన్నారు. ప్రభుత్వమే పంపింది. పదేళ్ళు అమెరికాలో చదవాలి. అందరికంటే చిన్నది త్సుదా ఉమెకో. వయసు ఆరేళ్ళు. ఏడో పుట్టినరోజు ఓడలోనే గడిచింది.

ఇంకో పాప పేరు యామకావా సకికో, 11 ఏళ్ళు. వెళ్ళేముందు వాళ్ళమ్మ ఆ పిల్ల పేరు మార్చేసింది. సుతెమత్సు అని పెట్టింది. జపనీస్ చెవికి అందులో రెండు అర్థాలు వినిపిస్తాయి, ‘వదిలేసుకోవడం’, ‘ఎదురుచూడడం’. నిన్ను వదిలేసుకున్నాను అనుకుంటున్నా, కానీ నీకోసం చూస్తూ ఉంటాను అని. పేరులోనే ఆ తల్లి ఉత్తరం రాసి పంపింది.

పెద్ద పిల్లలు ఇద్దరు ఆరోగ్యం బాగోక 1872లోనే వెనక్కి వచ్చేశారు. మిగిలిన ముగ్గురూ ఉండిపోయారు. సుతెమత్సు 1882లో వాసర్ కాలేజ్‌లో డిగ్రీ తీసుకుంది. కాలేజీ డిగ్రీ పొందిన మొట్టమొదటి జపాన్ మహిళ ఆవిడే. ఉమెకో వాషింగ్టన్‌లో ఒక అమెరికన్ దంపతుల ఇంట్లో పెరిగి, 1882లోనే తిరిగొచ్చింది. అప్పటికి ఆమెకి 17 ఏళ్ళు. జపనీస్ దాదాపు మర్చిపోయింది. కన్న తల్లితో మాట్లాడ్డానికి మాటల్లేవు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది, జాగ్రత్తగా వినండి. ప్రభుత్వం ఆ పిల్లలకి పదేళ్ళ ఖర్చు పెట్టింది. ఓడ టికెట్, బట్టలు, ఫీజులు, అన్నీ ఆలోచించింది. తిరిగొచ్చాక ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించలేదు. వాళ్ళతోపాటు విదేశాల్లో చదివొచ్చిన మగవాళ్ళకి ఉద్యోగాలు రెడీగా ఉన్నాయి. ఈ ఆడపిల్లల కోసం ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు. సుతెమత్సు ఏడాదిలోపే యుద్ధ మంత్రిని పెళ్ళి చేసుకుంది. ఉమెకో మూడేళ్ళు ఎదురుచూశాక 1885లో ఒక బాలికల స్కూల్లో టీచర్ ఉద్యోగం దొరికింది. 1889లో మళ్ళీ అమెరికా వెళ్ళి బ్రిన్ మార్‌లో బయాలజీ చదివింది. 1900లో సొంతంగా ఒక ఇంగ్లీష్ స్కూల్ పెట్టింది, పది మంది అమ్మాయిలతో. అదే ఇవాళ త్సుదా యూనివర్సిటీ.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, డిప్లాయ్‌మెంట్ ప్లాన్ ఉంది, రోల్‌బ్యాక్ ప్లాన్ లేదు. ఆ లోటుని ఉమెకో తన జీవితం పెట్టి పూడ్చింది.

సరే, ఒక్కసారిగా ముందుకి దూకుదాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. జపాన్ దగ్గర డాలర్లు లేవు. డాలర్‌కి 360 యెన్లు అని రేటు కట్టేశారు. 1964 ఏప్రిల్ దాకా మామూలు మనిషి సరదాగా ఫారిన్ ట్రిప్ వెళ్ళడానికి కూడా అనుమతి లేదు. చదువుకోడానికి వెళ్ళాలంటే ఫుల్‌బ్రైట్ లాంటి స్కాలర్‌షిప్ కొట్టాలి, లేదా ప్రభుత్వమో కంపెనీయో పంపాలి. అంటే కొద్దిమందికే.

కట్ చేస్తే, 1985 సెప్టెంబర్. న్యూయార్క్‌లో ప్లాజా హోటల్‌లో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ తగ్గిద్దాం అని ఒప్పందం చేసుకున్నారు. అప్పుడు డాలర్‌కి సుమారు 240 యెన్లు. 1988కల్లా 120-130 దగ్గరికి వచ్చేసింది. లెక్క చూడండి. ఒక జపాన్ తండ్రి దగ్గర 12 లక్షల యెన్లు ఉన్నాయనుకోండి. 1985లో దానికి 5 వేల డాలర్లు వస్తాయి. మూడేళ్ళు పోయాక అదే డబ్బుకి దాదాపు 10 వేల డాలర్లు. జీతం పెరగలేదు, అప్పు చెయ్యలేదు, అమెరికా చదువు మాత్రం సగం ధరకి వచ్చింది.

మరి అందరూ బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోవాలి కదా? అక్కడే ఉంది అడ్డంకి. జపాన్ కంపెనీలు ఫ్రెషర్స్‌ని ఏడాదికి ఒక్కసారే, గుంపుగా తీసుకుంటాయి. ఏప్రిల్ 1న జాయినింగ్. దానికి ముందు నెలల తరబడి ఇంటర్వ్యూల వేట, దాన్ని ‘షూకాత్సు’ అంటారు. ఆ బస్సు మిస్ అయితే మళ్ళీ అంత మంచి బస్సు రావడం కష్టం. పైగా అక్కడి కాలేజీ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, అమెరికాలో సెప్టెంబర్‌లో. క్రెడిట్లు కలవకపోతే నాలుగేళ్ళ డిగ్రీ ఐదేళ్ళవుతుంది. డబ్బుంది, ఆశ ఉంది, క్యాలెండర్ ఒప్పుకోవట్లేదు.

అప్పుడు యూనివర్సిటీలే రంగంలోకి దిగాయి. స్టూడెంట్ ఒక్కడే వెళ్ళి అక్కడి సిస్టంలో ఇరుక్కోవడం ఎందుకు, మన స్టూడెంట్‌కి సరిపడే ఏడాదిని అక్కడే కట్టేద్దాం అనుకున్నాయి.

మొదటి ఉదాహరణ, టోక్యో ఇంటర్నేషనల్ యూనివర్సిటీ. దీనికి ఆరెగాన్ రాష్ట్రం సేలంలోని విల్లామెట్ యూనివర్సిటీతో 1965 నుంచే స్నేహం ఉంది. 1989లో విల్లామెట్ పక్కనే సొంత క్యాంపస్ తెరిచింది. జపాన్ నుంచి వచ్చే పిల్లలకి అమెరికన్ స్టడీస్ అనే ప్రోగ్రామ్. ఫిబ్రవరిలో రావడం, డిసెంబర్‌లో వెళ్ళిపోవడం. ఈ నెలలు గమనించారా? అమెరికా క్యాలెండర్‌కి అసలు పొంతన లేదు. జపాన్ క్యాలెండర్‌ని దృష్టిలో పెట్టుకుని కత్తిరించినవి. ఇంగ్లీష్ మెరుగుపడినకొద్దీ విల్లామెట్ క్లాసుల్లో కూడా కూర్చోవచ్చు.

రెండోది, ముకొగావా మహిళా యూనివర్సిటీ, కోబె దగ్గర నిషినోమియాలో ఉంటుంది. వీళ్ళు 1990లో వాషింగ్టన్ రాష్ట్రం స్పొకేన్‌లో, ఒకప్పటి ఫోర్ట్ రైట్ అనే ఆర్మీ స్థావరంలో క్యాంపస్ పెట్టారు. ఎర్ర ఇటుకల బిల్డింగులు. సైనికులు కవాతు చేసిన చోట జపాన్ అమ్మాయిలు ఇంగ్లీష్ క్లాసులకి నడిచారు. ఇది ఏడాది కాదు, ఒక సెమిస్టర్. ఆలోచన మాత్రం అదే.

మూడోది నాకు బాగా నచ్చింది. క్యోటోలోని రిత్సుమెయికాన్ యూనివర్సిటీ, కెనడా వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ, రెండూ కలిసి 1991లో మొదలుపెట్టాయి. ఏటా సుమారు వంద మంది, ఎనిమిది నెలలు. క్యాంపస్‌లోనే రిత్సుమెయికాన్ పేరుతో ఒక హాస్టల్ కట్టారు. అందులో రూల్ ఏంటంటే, జపాన్ పిల్లలంతా ఒక గుంపుగా ఉండకూడదు. ఒకే యూనిట్‌లో అక్కడి యూనివర్సిటీ స్టూడెంట్స్‌తో కలిసి ఉండాలి. ఒకే వంటగది. అన్నం గిన్నె ఎవరు తోమాలి అన్న గొడవ కూడా ఇంగ్లీష్‌లోనే పడాలి. క్లాసుల్లో ఉత్త గ్రామర్ కాకుండా, ఒక సబ్జెక్టు నేర్పుతూ దాని ద్వారా భాష నేర్పారు.

అయితే అన్నీ ఇలా వర్కవుట్ అవ్వలేదు. తెయిక్యో అనే గ్రూప్ ఇదే టైంలో అమెరికాలో డబ్బుల్లేక ఇబ్బంది పడుతున్న చిన్న కాలేజీలతో చేతులు కలిపింది. ఐయోవాలో లె మార్స్ అనే చిన్న ఊళ్ళో వెస్ట్‌మార్ కాలేజ్ 1990లో తెయిక్యో వెస్ట్‌మార్ అయింది. ఊరివాళ్ళకి కాలేజీ బతుకుతుందన్న ఆశ, జపాన్ వాళ్ళకి రెడీమేడ్ క్యాంపస్. కానీ జపాన్‌లో బబుల్ పేలింది, అనుకున్నంతగా పిల్లలు రాలేదు. 1997లో ఆ కాలేజీ పూర్తిగా మూతపడింది. నూరేళ్ళ కాలేజీ. కొలతలకి కుట్టించిన చొక్కా ఇబ్బంది అదే. కొలతలు మారితే ఇంకెవరికీ సరిపోదు.

ఈ ప్యాకేజీ ఏడాది మీద విమర్శలు ఉన్నాయి, అవి నిజమే కూడా. సొంత యూనివర్సిటీ బిల్డింగ్‌లో, సొంత క్లాస్‌మేట్స్‌తో, తనకోసమే తయారు చేసిన సిలబస్‌తో ఒక ఏడాది గడిపితే దాన్ని ఫారిన్ చదువు అనాలా, లాంగ్ స్కూల్ ట్రిప్ అనాలా? అమెరికాలో ఉండి రోజంతా జపనీస్ మాట్లాడుకుంటే ఏం లాభం? యామావో లాగా షిప్‌యార్డులో చేతులు కాయలు కాయించుకున్నవాడికి, ఏసీ బస్సులో సియాటిల్ చూసొచ్చినవాడికి పోలికేనా?

నేను దీన్ని ఇంకోలా చూస్తాను. యామావోతో పోల్చేటప్పుడు కుసకబెని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒంటరిగా వెళ్ళడం గొప్ప అని చెప్పేవాళ్ళు శ్మశానంలో ఉన్నవాళ్ళని లెక్కపెట్టరు. 1900లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్ళిన నత్సుమె సోసెకి అయితే, తర్వాత జపాన్‌లోనే అతి పెద్ద నవలాకారుడు అయ్యాడు కదా, ఆ రెండేళ్ళూ అద్దె గదుల్లో పుస్తకాల మధ్య తలుపేసుకుని గడిపాడు. ఆయనకి పిచ్చెక్కిందని టోక్యో దాకా పుకారు పాకింది. అంత తెలివైన మనిషి! అక్కడ వారానికి ఒకసారి తలుపు కొట్టి "బాగున్నారా" అని అడిగే మనిషి ఒకరుంటే కథ వేరేగా ఉండేది. ప్యాకేజీ ఏడాది చేసింది అదే. తలుపు కొట్టే మనిషిని జీతమిచ్చి పెట్టింది.

ఇంకోటి. త్సుదా ఉమెకోకి లేనిది ఏంటో గుర్తుంది కదా? తిరిగొచ్చాక చోటు. ఈ ప్రోగ్రాముల్ని తయారు చేసినవాళ్ళు ఆ చివరి నుంచి మొదలుపెట్టారు. ముందు తిరిగొచ్చే తేదీ, తిరిగొచ్చాక రావాల్సిన క్రెడిట్లు, ఆ తర్వాతే బయల్దేరే తేదీ.

2004లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఉత్తరాన అకిటాలో ఒక అమెరికన్ యూనివర్సిటీ బ్రాంచ్ ఉండేది, మిన్నెసోటా వాళ్ళది. 1980ల చివర్లో, 90ల మొదట్లో అలాంటి బ్రాంచులు జపాన్‌లో పుట్టగొడుగుల్లా వచ్చి, చాలావరకు మూతపడ్డాయి. ఇదీ 2003లో మూతపడింది. మరుసటి ఏడాది అదే క్యాంపస్‌లో అకిటా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ మొదలైంది. పాఠాలన్నీ ఇంగ్లీష్‌లో. ప్రతి స్టూడెంట్ ఒక ఏడాది ఫారిన్‌లో చదవాల్సిందే, లేకపోతే డిగ్రీ లేదు. కానీ గుంపుగా పంపరు. ముందు టోఫెల్ స్కోర్ తెచ్చుకోవాలి, తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో దేశానికి. ఫీజు మాత్రం అకిటాలో కట్టే ఫీజే, ఎక్స్‌చేంజ్ ఒప్పందం కాబట్టి. అదే ఏడాది వసెదా యూనివర్సిటీ కూడా ఒక కొత్త డిపార్ట్‌మెంట్ పెట్టి ఇలాంటి రూలే తెచ్చింది. 2014లో ‘తొబితతె’ పేరుతో ప్రభుత్వం, ప్రైవేట్ కంపెనీలు చేతులు కలిపి స్కాలర్‌షిప్ ఇవ్వడం మొదలుపెట్టారు. అందులో ప్లాన్ స్టూడెంటే రాసుకోవాలి. ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఏం చేస్తాను అని. అంటే టైలర్ కూడా అక్కర్లేదు, కత్తెర నీకే ఇస్తున్నాం అన్నట్టు.

వల పూర్తిగా తీసెయ్యలేదు, కొంచెం కిందకి దింపారు. నా దృష్టిలో ఇదే సరైన దారి.

ఇప్పుడు మన సంగతి. 2023-24లో అమెరికాలో ఉన్న మన దేశం స్టూడెంట్స్ 3,31,602 మంది. ఆ ఏడాది మనమే నంబర్ వన్. జపాన్ వాళ్ళు పీక్‌లో ఉన్నప్పటి సంఖ్యకి ఏడు రెట్లు. అందులో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఆగస్ట్ నెలలో ఒక్క గంట నిలబడితే తెలుస్తుంది. మా బీటెక్ బ్యాచ్‌లో కూడా చాలామంది వెళ్ళారు. పొలం మీదో ఇంటి మీదో లోన్, ఒక కన్సల్టెన్సీ, ఒక ఐ-20, రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ డబ్బా. వెళ్ళే రోజు దాకా ప్లాన్ పక్కాగా ఉంటుంది. ఆ తర్వాత ప్లాన్ అంటే "ఎలాగోలా జాబ్ వస్తుందిలే". నేనేం వెటకారం చెయ్యట్లేదు. వాళ్ళలో చాలామంది ధైర్యం చూస్తే నాకు చోషూ కుర్రాళ్ళే గుర్తొస్తారు. కానీ 1863లో ఆ కుర్రాళ్ళకి వేరే దారి లేదు. 160 ఏళ్ళ తర్వాత కూడా మన పిల్లలు అదే పద్ధతిలో, అదీ అప్పు నెత్తిన పెట్టుకుని ఎందుకు వెళ్ళాలి?

మన కాలేజీలు చెయ్యగలవు. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ కట్టడానికి జపాన్ డబ్బు సాయం చేసింది, అక్కడి స్టూడెంట్స్ పైచదువులకి జపాన్ వెళ్ళడానికి స్కాలర్‌షిప్పులూ వచ్చాయి. అంటే రెండు వైపులా సంతకం పెట్టిన ఒప్పందం మనకి తెలియని వస్తువేం కాదు. అది ఒక్క ఐఐటీకే ఎందుకు ఆగిపోవాలి? మన ఊళ్ళ చుట్టూ ఇన్ని వందల ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఒక్క సెమిస్టర్, క్రెడిట్ ట్రాన్స్‌ఫర్‌తో, ఫీజు ఇక్కడిదే. అడగండి. అడ్మిషన్ టైంలో బస్సు ఫీజు గురించి అడుగుతాం కదా, ఇది కూడా అడగండి.

ఈలోగా మీరు సొంతంగా వెళ్తున్నారనుకోండి, కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చున్నప్పుడు జపాన్ వాళ్ళలాగా చివరి నుంచి మొదలుపెట్టండి. జాబ్ రాకపోతే ఏ నెలలో వెనక్కి వస్తాను? అప్పటికి అప్పు ఎంత ఉంటుంది, ఇక్కడి జీతంతో అది తీరుతుందా? అక్కడ నా తలుపు కొట్టే మనిషి ఎవరు? ఈ మూడింటికి ఆన్సర్ ఉంటే ధైర్యంగా వెళ్ళండి. లేకపోతే ఇంకో ఇన్‌టేక్ ఆగినా కొంపలేం మునగవు.

చివరగా ఒక్క మాట. 2024 జూలైలో జపాన్ కొత్త 5,000 యెన్ల నోటు తెచ్చింది. దాని మీద బొమ్మ త్సుదా ఉమెకోది. తిరిగొచ్చినప్పుడు కుర్చీ వెయ్యని దేశం ఇప్పుడు ఆవిడని జేబులో పెట్టుకుని తిరుగుతోంది. ఆ నోటు వచ్చిన వారంలో డాలర్ రేటు 160 యెన్లు దాటింది. అంటే అప్పుడు ఆ నోటుకి సుమారు 31 డాలర్లే వచ్చేవి. 1995లో రేటు 80 దగ్గర ఉన్నప్పుడు 5,000 యెన్లకి 62 డాలర్లు వచ్చేవి. 2033కల్లా ఏటా 5 లక్షల మందిని బయటికి పంపాలని జపాన్ ప్రభుత్వం టార్గెట్ పెట్టుకుంది. ఈ రేటుతో అది ఎలా కుదురుతుందో చూడాలి.

మీ కాలేజీలో ఇలాంటి ఎక్స్‌చేంజ్ ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, పక్కనోళ్ళకి పనికొస్తుంది. ఫారిన్ ప్లాన్‌లో ఉన్న మీ తమ్ముడికో చెల్లికో ఈ ఎపిసోడ్ పంపండి.